తొమాసా పెద్దమ్మకి తెలిసిన తలుపు

అమ్మకి తుంటి విరిగాక ఇంటికి మరమ్మతు తప్పలేదు.

బ్వేనవెంతూరాలో రేవు పనివాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన అపార్టుమెంట్లు మావి. మాది కింది అంతస్తు. కింది అంతస్తయితే సుఖం అంటారు అందరూ. కానీ మా ముందు తలుపుకి మూడు మెట్లున్నాయి. తలుపు కూడా సన్నం. మంచం కొన్నప్పుడు ఊడదీసి ముక్కలుగా లోపలికి తెచ్చుకున్నాం. ఇక చక్రాల కుర్చీ ఎక్కడ పడుతుంది? ఆస్పత్రి నుంచి అమ్మని తెచ్చిన రోజు నేనూ మా అమ్మాయి యులీసా కుర్చీతో సహా ఎత్తి మెట్లెక్కించాం. ఆ రోజు పట్టేసిన నడుం మళ్ళీ వదల్లేదు.

ఇంట్లో ఐదుగురం, అందరం ఆడవాళ్ళమే. అమ్మ. అమ్మకి అక్క తొమాసా పెద్దమ్మ, ఆవిడకి చూపు లేదు. నేను. యులీసా. దాని కూతురు లూసెరో, ఇంకా మూడేళ్ళ పిల్ల. కుర్చీలో ఒకరు, గోడ పట్టుకుని ఒకరు, కాళ్ళకి అడ్డం పడుతూ ఒకరు. ముగ్గురికీ వీలుగా ఇల్లు మార్చాలి. చేయించాల్సింది నేను. పొద్దున బడిలో వంట, సాయంత్రం ఇంట్లో దుమ్ము. అలసిపోయాననే మాట కూడా అప్పట్లో నోటికి వచ్చేది కాదు. అనడానికి తీరిక ఉండాలి కదా.

ఎవెలియో మేస్త్రి వచ్చి ఇల్లంతా చూశాడు. ముందు తలుపుతో పని కాదన్నాడు. వెనక వంటింటి పక్క గోడ కొట్టేసి పెరటి వైపు వెడల్పుగా కొత్త తలుపు పెడదాం, అక్కడ నేల సమంగా ఉంది, కుర్చీ నేరుగా వెళ్ళిపోతుంది అన్నాడు. ఇంటికి రెండు తలుపులకి అపార్టుమెంటు సంఘం ఒప్పుకోలేదు. అందుకని ముందు తలుపు తీసేసి ఇటుకలు కట్టాలి. ఆ తలుపు దగ్గరున్న ఖాళీ అమ్మకి పడకగది అవుతుంది. గదుల మధ్య గడపలన్నీ తీసెయ్యాలి, స్నానాల గది వెడల్పు చెయ్యాలి. పెద్దమ్మ గది నుంచి అమ్మ గది దాకా గోడ పొడుగునా నడుం ఎత్తులో ఇనప గొట్టం బిగించాలి, పెద్దమ్మ పట్టుకుని నడవడానికి.

పెద్దమ్మకి నచ్చలేదు.

చూపు లేని మనిషికి ఇల్లంటే అరచెయ్యే. నది ఒడ్డున ఉన్న మా పాత ఊరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ గోడలనే తడుముతూ తిరిగింది. గడప తగిలితే కాలి బొటనవేలితో ఒకసారి తట్టి, ఆగి, దాటేది. ముందు తలుపు గడియ ఎంత ఎత్తులో ఉందో ఆవిడ చేతికి నా కంటే బాగా తెలుసు.

"నాకు తెలిసిన తలుపు తీసేస్తే నేనెట్లా పోతానే?" అంది.

"ఎక్కడికి పోతావమ్మా నువ్వు, డాన్సుకా?" అన్నాడు మేస్త్రి.

"నీ పెళ్ళికి. ఈసారి పెళ్ళికూతురు పారిపోకుండా తలుపు దగ్గర నేను కాపలా ఉంటా."

మేస్త్రికి నవ్వాగలేదు. పెద్దమ్మ నవ్వలేదు. చుట్ట తీసి ముట్టించి, నిప్పున్న కొన నోట్లోకి తిప్పుకుంది. మా నది ముసలమ్మలంతా తాగేది ఆ అడ్డపొగే. బయటికి నిప్పు కనపడదు. మాట్లాడటానికి నోరు తెరిస్తే మాత్రం లోపల ఎర్రగా ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఆవిడ ఎదురొస్తే పొయ్యి నడిచొచ్చినట్టుంటుందని యులీసా వేళాకోళం చేసేది.

పని మొదలైంది. మేం ఆ దుమ్ములోనే ఉన్నాం. ఎక్కడికి వెళ్తాం?

వంటింటి గోడ మిషనుతో పగలగొట్టిన మధ్యాహ్నం పెద్దమ్మ పోయింది. ముందు తలుపు దగ్గర తన కుర్చీలో కూర్చుని ఉంది. ఒక చెయ్యి తలుపు చట్రం మీద. ఆ మోతలో ఎవరం ఎవరినీ పిలుచుకోలేదు. మిషను ఆపాక, ఆవిడ ముఖం మీద దుమ్ము తుడుద్దామని తడిగుడ్డ తీసుకుని వెళ్ళాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. దుమ్ము కళ్ళలో కూడా పేరుకుంది. ఎంతసేపయిందో తెలీదు.

ఆవిడ వేలికి ఉన్న ఉంగరం ఎంత లాగినా రాలేదు. దానితోనే పెట్టెలో పడుకోబెట్టాం. పెట్టెని ఆ ముందు తలుపు నుంచే, ఆ మూడు మెట్ల మీంచే దించారు. ఏటవాలుగా వంచాల్సి వచ్చింది. లోపల ఆవిడ కాళ్ళ వైపుకి జారిన చప్పుడు అందరం విన్నాం. అమ్మ కుర్చీ మెట్లు దిగదు కదా... తలుపు దగ్గరే ఆగిపోయింది. అక్కని సమాధి దాకా సాగనంపలేకపోయింది. పెట్టె వీధి మలుపు తిరిగేదాకా చూసి, "నన్ను లోపలికి తిప్పండి" అంది. అంతే. ఏడవలేదు.

మా వాళ్ళలో తొమ్మిది రాత్రులు ప్రార్థన ఉంటుంది. గోడకి తెల్ల దుప్పటి కట్టి, కొవ్వొత్తులు పెట్టి, గ్లాసుడు నీళ్ళు పెట్టి, పోయిన మనిషి కోసం వాయిద్యాలు లేకుండా పాడతాం. ఆ తొమ్మిది రోజులూ ప్రాణం ఇంట్లోనే తిరుగుతుంది. ఇల్లు కదపకూడదు. చీపురుతో బయటికి ఊడవకూడదు. ఆఖరి రాత్రి తెల్లవార్లూ పాడి, తెల్లారబోతుండగా దీపాలు ఒక్కొక్కటే ఆర్పి, దుప్పటి దించి, అందరం తలుపు దాకా రెండు వరసలుగా నిలబడి మధ్యలో దారి వదులుతాం. ప్రాణం ఆ దారిన వెళ్ళిపోతుంది.

ఇదంతా మాకు తెలుసు. తెలిసీ ఇల్లు కదిపాం.

వెనక గోడకి అంత పెద్ద కన్నం. దానికి ఒక ప్లాస్టిక్ గుడ్డ. రేవు ఊరు ఇది, ముగ్గురు ఆడవాళ్ళం, పసిపిల్ల. రాత్రి ఆ గుడ్డ గాలికి కొట్టుకుంటే ఎవరికీ నిద్ర ఉండేది కాదు. మేస్త్రి తన ఊరి పండక్కి వెళ్ళాలి. కొత్త తలుపు ఇప్పుడే పెట్టి పాతది ఇప్పుడే మూసేస్తాను, లేకపోతే వచ్చే నెలే అన్నాడు. ఇంకా రెండు రాత్రుల ప్రార్థన ఉంది. నేను అమ్మని అడిగాను.

"మూసెయ్యమను. అక్కకి మనం చెప్దాంలే. ఎప్పుడూ నా మాట కాదనలేదు" అంది అమ్మ.

పొద్దున్నించి సాయంత్రం లోపు తలుపు పోయి గోడ వచ్చింది. సిమెంటు పూత తడి ఆరకముందే అమ్మ మంచం ఆ గోడకి ఆనించి వేశాం. చక్రాల మంచం, ఆస్పత్రి వాళ్ళు అమ్మేసిన పాతది. ఆ రాత్రి అమ్మ ఆ మంచం మీదే పడుకుంది. తలవైపు చల్లగా ఉందంది. కొత్త గోడ కదా అన్నాను.

ఆఖరి రాత్రి పాట నడిపించడానికి పాస్తోరా వచ్చింది. మా నదివాళ్ళలో ఎవరు పోయినా ఆవిడే పాడుతుంది. వెనక తలుపు నుంచి వచ్చి, ఇల్లంతా ఒకసారి కలియచూసి, ముందు తలుపేదని అడిగింది. చెప్పాను. వెళ్ళి ఆ కొత్త గోడని తట్టి చూసింది. తర్వాత, పెట్టె ఏ తలుపున పోయిందో ప్రాణమూ ఆ తలుపునే పోవాలి కదమ్మా అంది. చూపున్నవాళ్ళయితే కొత్త తలుపు వెతుక్కుంటారట. ఈవిడ చేత్తో వెతుక్కునే మనిషి అంది.

అయినా పాడారు. బంధువులు, ఇరుగుపొరుగు, కాఫీ, చెరకు సారా, పక్కన డొమినో ఆడే మగవాళ్ళు. నేను వంటింట్లో నిలబడే కునుకు తీశాను. తెల్లారబోతుండగా దీపాలు ఆర్పడం మొదలుపెట్టారు. కొత్త తలుపు దాకా రెండు వరసలుగా నిలబడ్డాం. తలుపు బార్లా తెరిచి ఉంది. పెరట్లోంచి చల్లగాలి లోపలికి వస్తోంది. దారి ఇటు, తొమాసా, ఇటు రా అని పాస్తోరా మూడుసార్లు గట్టిగా చెప్పింది.

చివరి కొవ్వొత్తి మంట వంగింది. తలుపు వైపు కాదు. గాలి వాలు అనుకుందామంటే పక్కనున్న దుప్పటి అంచు కదలను కూడా లేదు. మంట అమ్మ గది వైపు వంగి, అలాగే ఉండిపోయింది.

పాస్తోరా దాన్ని వేళ్ళతో నలిపేసింది.

అందరూ వెళ్ళాక ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది. గొంతు తగ్గించి చెప్పింది.

"ఇవాళ చీకటి పడ్డాక మీ అమ్మని ఒంటరిగా వదలకు. దారి దొరకనివాళ్ళు తోడు రమ్మని అడుగుతారు."

"అడిగితే?"

"వస్తానని అనకూడదు. ఆ ఒక్క మాట నోట్లోంచి రాకూడదు."

ఆ పగలు ఎలా గడిచిందో గుర్తులేదు. కప్పులు కడిగాను. కుర్చీలు తిరిగిచ్చాను. అమ్మకి స్నానం చేయించాను. కొత్త స్నానాల గదిలో కుర్చీ గుండ్రంగా తిరిగింది, ఎక్కడా తగల్లేదు. ఇన్నాళ్ళ కష్టానికి అదొక్కటే ఫలితంలా కనిపించింది. యులీసాకి రేవు క్యాంటీన్లో సాయంత్రం డ్యూటీ. లూసెరోని వాళ్ళ నానమ్మ దగ్గర దింపి వెళ్ళింది. పాస్తోరా మాట దానికి చెప్పలేదు. చెబితే డ్యూటీ మానేస్తుంది.

సాయంత్రం వాన మొదలైంది. మా ఊళ్ళో వాన కొత్త కాదు. కానీ ఆ వాన ఇంటిని మూసేసినట్టు పడింది. అమ్మకి బెల్లం నీళ్ళు కాచి ఇచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. నిద్ర ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటున్నాను.

కరెంటు పోయింది.

అది కూడా మాకు కొత్త కాదు. ఫోను వెతికాను, చార్జింగ్ లేదు. కొవ్వొత్తులున్నాయి, కానీ అవి ప్రార్థనలో వెలిగించినవి. మిగిలిన ముక్కలు ఇంట్లో మళ్ళీ ముట్టించకూడదు. సరే, వచ్చినప్పుడే వస్తుందిలే అనుకున్నాను. చీకట్లో ఇంటి వాసన బాగా తెలిసింది. తడి సిమెంటు. రంగు. ఆరిపోయిన మైనం. వాన నీటితో పాటు వచ్చే రేవు బురద వాసన.

అమ్మ నిద్రపోయిందనుకున్నాను.

అప్పుడు విన్నాను. టిక్.

ఇంటి లోపల, వెనక వైపు. పెద్దమ్మ గది వైపు.

టిక్... టిక్...

పైపులోంచి నీళ్ళు కారుతున్నాయేమో అనుకున్నాను. కానీ నీటి చుక్క ఒకచోటే పడుతుంది. ఇది కదులుతోంది. ఇనప గొట్టం మీద ఏదో చిన్న లోహం తగులుతూ, జారుతూ, మళ్ళీ తగులుతూ... గొట్టాన్ని పట్టుకుని నడిచే చేతికి ఉంగరం ఉంటే అలాగే వినపడుతుంది.

గొట్టం బిగించింది పెద్దమ్మ పోయాక, కొన్నది వృథా పోకూడదని. ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని పట్టుకుని నడవలేదు.

పెద్దమ్మ బతికుండగా ఇంట్లో నడుస్తుంటే ప్రతి గడప దగ్గరా చప్పుడు ఆగేది. బొటనవేలు తట్టేది. తర్వాత మళ్ళీ నడక. ఇప్పుడు ఎక్కడా ఆగలేదు. గడపలు మేమే తీసేశాం. ఏ గుమ్మం దగ్గరా ఆగాల్సిన పని లేకుండా ఇల్లు నున్నగా చేసి పెట్టాం.

టిక్. టిక్. టిక్.

చుట్ట వాసన వచ్చింది.

"అక్క" అంది అమ్మ. నిద్రలో మాట కాదు. స్పష్టంగా అంది.

"పడుకో అమ్మా."

"తడుముకుంటోంది పాపం."

గుమ్మం దగ్గర చీకటి మిగతా చీకటి కంటే చిక్కగా ఉంది. అందులో మనిషి ఎత్తులో ఎర్రగా ఏదో వెలిగింది... ఆరింది... మళ్ళీ వెలిగింది. నిప్పులా చుక్కగా కాదు. చర్మం వెనక నుంచి వచ్చినట్టు, మసకగా. పొగ లోపలికి పీల్చినప్పుడల్లా బుగ్గలు ఎర్రబడ్డట్టు.

అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

ఆ ఎరుపు మా పక్కనుంచే వెళ్ళింది. నా మోకాళ్ళకి చల్లగా తగిలింది. గొట్టం అయిపోయిన చోట ఉంగరం చప్పుడు ఆగింది. తర్వాత మంచం తలవైపు గోడ మీద... అరచెయ్యి. పొడిబారిన అరచెయ్యి సిమెంటు మీద రాస్తున్న చప్పుడు. సర్... సర్... పైకి. కిందికి. ఒక చోట ఆగి గోళ్ళతో గీకింది. ఒకప్పుడు గడియ ఉన్న ఎత్తు అది.

"మంచం జరుపు" అంది అమ్మ గుసగుసగా. "దారికి అడ్డంగా పడుకున్నా."

మంచం చక్రాలకి బిగింపు ఎక్కడుందో చేతికి తెలీడం లేదు. కాలితో తన్ని వదిలించాను. నడుం కలుక్కుమంది. మంచాన్ని పక్కకి తోశాను. అరచెయ్యి ఇప్పుడు గోడంతా తడుముతోంది. ఈ చివర నుంచి ఆ చివరకి. తొందరగా. ఇంకా తొందరగా. చిన్నపిల్లలు చీకట్లో తలుపు కొట్టుకున్నట్టు...

ఆగిపోయింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ తల కొంచెం పక్కకి వంచినట్టు తెలిసింది. ఎవరో చెవిలో చెబుతుంటే వింటున్నట్టు.

"ఏమంటోంది?" అన్నాను.

"తలుపేదే అంటోంది."

"పెద్దమ్మా" అన్నాను. "వెనక వైపు పెద్దమ్మా. వంటింటి పక్కన. అక్కడ పెట్టాం. వెడల్పుగా ఉంటుంది, మెట్లు లేవు."

ఎరుపు కదల్లేదు.

"దానికి ఆ పక్క తెలీదు. నన్ను చూపించమంటోంది" అంది అమ్మ.

"వద్దమ్మా. వస్తానని అనకు. ఏమీ అనకు."

"సమాధి దాకా కూడా వెళ్ళలేకపోయానే. చీకట్లో దాన్నట్లా వదిలేస్తానా?"

"అమ్మా, నువ్వూ పోతే నాకు పెద్దదిక్కెవరు?"

అమ్మ నా చెయ్యి నిమిరింది. ఆ నిమరడం నాకు బాగోలేదు. ఊరెళ్ళేవాళ్ళు నిమిరినట్టుంది.

మేస్త్రి వదిలేసి వెళ్ళిన పనిముట్ల సంచీ స్నానాల గదిలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ చెయ్యి వదలాలి. వదలకూడదన్నారు. కానీ ఆ గోడ అలాగే ఉంటే... వదిలాను. గొట్టం పట్టుకుని చీకట్లో పరిగెత్తాను. గొట్టం వెచ్చగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎవరో ఇప్పుడే చెయ్యి తీసినట్టు. సంచీలో చేతికి సుత్తి దొరికింది, ఉలి దొరికింది. వెనక్కి వచ్చి గోడని వెతుక్కుని కొట్టడం మొదలుపెట్టాను.

పూత ముద్దలుగా రాలింది. లోపల ఇటుక ఇంకా సరిగ్గా పట్టుకోలేదు. కొట్టాను. చేతుల్లో చర్మం లేచిపోయింది. కొట్టాను. వెనక అమ్మ ఏదో మాట్లాడుతోంది. నెమ్మదిగా, మామూలుగా, మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళిద్దరూ గింజలు వలుస్తూ మాట్లాడుకున్నట్టు. ఏమంటోందో తెలీడం లేదు. ఆగి విందామంటే ఆగడానికి భయం. ఇంకా గట్టిగా కొట్టాను.

ఒక ఇటుక అవతలికి పడింది. మెట్ల మీద దొర్లిన చప్పుడు. ఇంకొకటి. తల పట్టేంత కన్నం. బయటి నడవలోంచి తడిగాలి నా ముఖానికి కొట్టింది.

"ఇదిగో పెద్దమ్మా. ఇక్కడే. పాత చోటే" అన్నాను. "మెట్లున్నాయి, చూసుకో."

చూసుకో అన్నాను, చూపు లేని మనిషిని.

నా చెంప పక్కగా వెచ్చటి ఊపిరి... చుట్ట వాసన... వెళ్ళింది. కన్నంలోంచి చూశాను. అవతల ఎర్రటి మసక ఒకసారి వెలిగింది. కిందికి దిగింది. ఇంకొంచెం కిందికి. ఇంకొంచెం. తర్వాత చీకటి.

సుత్తి పారేసి మంచం తడిమాను.

"అమ్మా."

పలకలేదు.

చెయ్యి చల్లగా ఉంది. ఛాతీ మీద చెవి పెట్టాను. వాన ఆగితే బాగుండు అనుకున్నాను, ఏమీ వినపడటం లేదు... అప్పుడు వినపడింది. గుండె. ఊపిరి. నిద్రపోతోంది. పసిపిల్లలా నిద్రపోతోంది.

కరెంటు వచ్చేదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆ తర్వాతా వదల్లేదు. అమ్మ వస్తానని అనలేదు, అనుంటే తెల్లారేసరికి ఉండేది కాదు అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి సుత్తి చప్పుడులో ఏమన్నదో నేను వినలేదు.

డ్యూటీ నుంచి వచ్చిన యులీసా గోడ చూసింది. నా చేతులు చూసింది. ఏమయిందమ్మా అని అడగలేదు. చేతులకి మందు రాసి, గచ్చు మీద సిమెంటు ముద్దలు ఎత్తింది. మేస్త్రి వచ్చాక మళ్ళీ కట్టించొద్దు, ఆ కన్నం అలాగే ఉంచు అని నేనంటే సరే అంది. సంఘం వాళ్ళు అడిగితే కిటికీ అని చెబుదామంది.

పొద్దెక్కాక అమ్మ లేచింది. ఆకలన్నది. తుంటి విరిగిన దగ్గర్నుంచీ ఆ మాట అమ్మ నోట వినలేదు. చేపల పులుసు కాచి, కుర్చీ వంటింట్లోకి తోసుకెళ్ళి, గిన్నె ముందు పెట్టాను. తింటోంది. ఎండ వచ్చింది. యులీసా పాపని తేవడానికి వెళ్ళింది. కొత్త తలుపు తెరిచే ఉంది. ఇన్నాళ్ళకి ఇల్లు ఇల్లులా ఉంది అనిపించింది. కాసేపు అమ్మ మంచం మీద నడుం వాల్చాను.

"ఏమ్మా, గోడలోంచి కోళ్ళకి గింజలు వేస్తారా ఏంటి?"

కన్నంలో ముఖం. పై అంతస్తు అబెలార్దో గారు. నెల రోజులుగా ఊళ్ళో లేరు, కంటి ఆపరేషన్‌కి కొడుకు దగ్గరికి వెళ్ళారు. రాత్రే వచ్చారట. పెద్దమ్మ సంగతి ఆయనకి ఇంకా తెలీదు. చెబుదామని లేచాను.

ఆయన నన్ను చెప్పనివ్వలేదు. సంతోషంగా ఉన్నారు. మా డాక్టరు పేరు కావాలట, వాళ్ళ మరదలికి కూడా తుంటి విరిగిందట.

"ఏ డాక్టరండీ?"

"మీ అమ్మగారికి చేసినాయన. అద్భుతం కదమ్మా. కర్ర కూడా లేకుండా ఈ మెట్లు దిగేశారు."

ఎప్పుడని అడిగాను. నా గొంతు మామూలుగానే వచ్చింది.

"రాత్రేనమ్మా. కరెంటు లేదు కదా, నేను సామాను పట్టుకుని వస్తున్నా, వాళ్ళు వెళ్తున్నారు. లైటరు వెలిగిస్తే మీ అమ్మగారి ముఖం కనపడింది. వెనకాల ఇంకో పెద్దావిడ ఈవిడ భుజం మీద చెయ్యేసుకుని నడుస్తోంది. ఆవిడెవరో సరిగ్గా కనపడలేదు. పలకరించా. తొందరలో ఉన్నట్టున్నారు, పలకలేదు."

కన్నం వైపు చూశాను. తల పట్టేంత ఉంది. అంతే.

డాక్టరు పేరు మధ్యాహ్నం రాసిస్తానన్నాను. ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. పెద్దమ్మ పోయిన సంగతి చెప్పలేదు.

వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ కుర్చీలో, కిటికీ ఎండలో, చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెడుతోంది. ఎవరే వచ్చింది అని అడిగింది. పై అంతస్తు అబెలార్దో గారు అన్నాను. ఏమంటున్నాడంది. ఏం లేదన్నాను.

"మంచి మనిషి" అంది అమ్మ. "రాత్రి చేతినిండా సామాను పెట్టుకుని కూడా, గోడకి ఒదిగి నిలబడి మాకు దారి ఇచ్చాడు."

ఇంకొంచెం పులుసు పొయ్యమని గిన్నె నా వైపు జరిపింది.